చేసే చోటు చూశాక పెట్టే చోటు



ధర్మవరం అనగానే తెలుగువాళ్లకు ముందు పట్టుచీర గుర్తొస్తుంది. ఆ మండలంలోనే, మగ్గాల చప్పుడుకు కాస్త ఎడంగా, నిమ్మలకుంట అనే ఊరుంది. ఆ ఊళ్లో కొన్ని ఇళ్ల ముందు మేకతోళ్లు బిగదీసి ఎండబెట్టి ఉంటాయి. తరతరాలుగా రామాయణ, భారత కథల్ని తెర మీద ఆడించిన తోలుబొమ్మల కళాకారుల ఇళ్లవి. ఒకప్పుడు ఆట మొదలైతే తెల్లవారేదాకా సాగేది. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా మేలుకుని ఆట చూసే జనం తగ్గిపోయారు. అయినా ఆ కుటుంబాలు పని వదల్లేదు. అదే తోలు, అదే ఉలి, అదే చేతివాటంతో ల్యాంప్‌షేడ్లు చేయడం మొదలుపెట్టాయి. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

అక్కడ ఒక పూట కూర్చుంటే పని మొత్తం కళ్లముందే జరుగుతుంది. తోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, సాగదీసి, చుట్టూ మేకులు కొట్టి ఎండలో ఉంచుతారు. ఎండాక అందులో తోలు లక్షణం దాదాపు పోతుంది. గోటితో మీటితే టప్‌మని మోగుతుంది. వెలుగుకు అడ్డం పెడితే అవతల ఉన్న చేతివేళ్లు నీడగా కనబడతాయి. దాని మీద బొమ్మ గీసి, నల్లటి గీత దిద్ది, చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. రంగు పని ఆ తర్వాత, అదీ రెండువైపులా. సీతమ్మ మెడలో హారాన్నీ రాముడి కిరీటంలో రాళ్లనూ రంగుతో వేయరు. అవన్నీ ఉలితో కొట్టిన రంధ్రాలే. వెనక దీపం వెలిగినప్పుడు ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే నగలై మెరుస్తుంది.

ఈ సంగతి తెలియనివాళ్లు ఆ బొమ్మను కొని తెచ్చి, వెనక అట్ట వేయించి, ఫ్రేము కట్టించి గోడకు కొడుతుంటారు. ఇక హారం మెరవదు, కిరీటం వెలగదు. రంగు పూసిన ఒక తోలుముక్క గోడ మీద మిగులుతుంది. చేసేటప్పుడు చూసినవాళ్లు ఆ పని చేయరు. కిటికీ అద్దానికి ఆనించి పెడతారు, లేదా ఫ్రేము వెనక సన్నటి ఎల్ఈడీ పట్టీ అమరుస్తారు. ల్యాంప్‌షేడ్ అయితే గదిలో ట్యూబ్‌లైటు ఆపినప్పుడు వెలిగే మూలన ఉండాలి. అందులో పసుపు ఛాయ ఉన్న తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టడం మేలు. పాతకాలపు వేడి బల్బు పెడితే తోలు ముడుచుకుంటుంది. వంటింటి ఆవిరి, స్నానాలగది తేమ దానికి అసలే పడవు.

ఇల్లు సర్దుకోవడం గురించి ఈ ప్రసంగంలో చెప్పదలచుకున్న సంగతి ఇదే. ఒక వస్తువును ఎలా చేశారో చూసినవాళ్లకు, దాన్ని ఇంట్లో ఎక్కడ పెట్టాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఎండ తగలాలా వద్దా, వెలుగు ఎటునుంచి పడాలి, చేతికి అందాలా కంటికి మాత్రమే అందాలా అన్న ప్రశ్నలకు జవాబులు ఆ వస్తువు తయారీలోనే ఉన్నాయి. కొత్త ఫ్లాటు కొనుక్కుని ఫోన్లో వందల హాళ్ల ఫొటోలు చూసి తికమకపడే కుటుంబాలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఆ ఫొటోలు చూసే రెండు సాయంత్రాల బదులు ఒక శనివారం దారి పట్టుకుంటే చాలు. తెలుగు నేల మీద ఏ మూల నుంచి బయలుదేరినా, అలాంటి ఊరు ఒక పూట ప్రయాణంలో తప్పకుండా తగులుతుంది.

నిమ్మలకుంట దాకా వెళ్లినవాళ్లు అదే జిల్లాలో హిందూపురం పక్కనున్న లేపాక్షి చూడకుండా తిరిగి రాకూడదు. వీరభద్రాలయాన్ని 16వ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూడటానికి జనం వరస కడతారు. పైకప్పు మీది చిత్రాలను మెడ నొప్పి పుట్టేదాకా చూస్తారు. ఇల్లు సర్దుకునేవాళ్లు మాత్రం ఇంకొంచెం ముందుకు నడిచి లతామండపం దగ్గర ఆగాలి. అక్కడి స్తంభాల మీద, ఒకదానితో ఒకటి పోలని తీగలు, పూలు, గళ్లు, చుక్కలు వరసగా చెక్కి ఉన్నాయి. చీర అంచుల డిజైన్లు వేసేవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఈ స్తంభాల నుంచే నమూనాలు దించుకుంటున్నారు. పైకప్పు చిత్రాల్లోని మనుషుల చీరలు, ధోవతుల మీద కూడా అలాంటి పనితనమే కనిపిస్తుంది. ఒక కాగితం, పెన్సిలు పట్టుకెళ్లి నచ్చిన ఒక్క గడిని గీసుకొస్తే, దాన్నే ముంగిట ముగ్గుగానో దిండుగలీబు మీది కుట్టుగానో వేసుకోవచ్చు. ఈ ఆలయమూ, ఏకశిలా నందీ 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి.

ఇక కలంకారీ. దీని దగ్గర కాస్త నిలబడాలి.

శ్రీకాళహస్తికి దర్శనం కోసం వచ్చేవాళ్లలో చాలామంది రాహుకేతు పూజ చేయించుకుని అదే బస్సుకు వెనక్కి తిరుగుతారు. గుడికి దగ్గరలోనే స్వర్ణముఖి ఉంది. ఆ నదిని నమ్ముకుని పెరిగిన పని కలంకారీ. ముతక నూలుబట్టను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ వగరు బట్టకు పడుతుంది. పాలలోని జిడ్డు వల్ల రంగు పక్కకు పాకదు. చింతపుల్ల కాల్చిన బొగ్గుతో బొమ్మ ఆనవాలు గీస్తారు. కలమంటే మొన చెక్కిన వెదురుపుల్ల. దాని చుట్టూ ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్ని రంగు తాగి ఉంటుంది, చేతివేళ్లు నొక్కే కొద్దీ మొన మీదికి దిగుతుంది.

ఆ కలంతో వేసే మొదటి గీతను దగ్గర నుంచి చూడాలి. ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రావణాన్ని కసిమి అంటారు. కలం మీద ఉన్నప్పుడు అది నీరుగంజిలా పలచగా ఉంటుంది. కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి అక్కడికక్కడ పుట్టించిన నలుపది. పటిక రాసిన చోట, మంజిష్ఠ లాంటి వేళ్లతో కాచినప్పుడు ఎరుపు పడుతుంది. నీలికి నీలిమందు. ఒక్కో రంగు తర్వాత ఉతకడం, ఆరబెట్టడం, మళ్లీ వేయడం. ఉతకడానికి పారే నీళ్లే కావాలి. నిలవ నీళ్లలో ఉతికితే విడిపోయిన రంగు మళ్లీ బట్టకే అంటుకుంటుంది.

గత శతాబ్దం నడుమ ఈ పని దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. కమలాదేవి చట్టోపాధ్యాయ పూనికతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టడంతో మళ్లీ ఊపిరి పోసుకుంది. ఆ తరంలో పేరు తెచ్చుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇంత పని చూశాక కలంకారీ తెరను పడమటి కిటికీకి వేలాడదీయాలని ఎవరికీ అనిపించదు. ఆకులు, వేళ్లు, కాయల రంగులు నేరుగా పడే ఎండకు వెలిసిపోతాయి. లోపలి గోడ, ఎండ తగలని వరండా వాటికి తగిన చోట్లు. ఇంకో సంగతి. శ్రీకాళహస్తి పటంలో మధ్య పెద్ద గడిలో పట్టాభిషేకమో గీతోపదేశమో ఉంటుంది, చుట్టూ చిన్న గడుల్లో కథ నడుస్తుంది, గడుల కింద తెలుగులో రాత కూడా ఉంటుంది. దాన్ని సోఫా వెనక కొడితే కూర్చున్నవాళ్ల తలలు అడ్డం వస్తాయి, చదివేవాళ్లు ఉండరు. మనుషులు నిలబడి నాలుగు నిమిషాలు ఆగే చోటు ఇంట్లో ఎక్కడుందో చూసుకోవాలి. నడవా గోడ గానీ, భోజనాల బల్లకు ఎదురు గోడ గానీ బాగా నప్పుతుంది.

కృష్ణా జిల్లా పెడన, మచిలీపట్నాలది వేరే తీరు. అక్కడ కలానికి బదులు టేకు చెక్కలో చెక్కిన అచ్చులు ఉంటాయి. అవుట్‌లైనుకు ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. బల్ల మీద పరిచిన బట్ట వెంట అద్దకందారు నడుస్తూ, అచ్చు పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది ముందుకు కదులుతాడు. తీగలు, పూలు, పక్షులు ఇక్కడి రూపాలు. ఒకే నమూనా ఎంత పొడవైనా సాగుతుంది గనుక దుప్పట్లకు, పరదాలకు, సోఫా గుడ్డలకు ఇది సహజంగా అమరుతుంది. గోడమీద పటంగా కట్టడానికి కాళహస్తి, ఒంటికీ మంచానికీ పెడన అని పాతవాళ్లు విడదీసి చెప్పేది ఊరికే కాదు.

మచిలీపట్నం బట్ట ప్రపంచపు పడకగదులను అలంకరించిన చరిత్ర కూడా ఉంది. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టారు. డచ్చివాళ్లు అంతకుముందే వచ్చేశారు. 17వ శతాబ్దం రెండో సగానికి కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డ మీద యూరప్ మోజు ఎంతగా పెరిగిందంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్స్ 1686లో ఈ గుడ్డను నిషేధించింది. ఇంగ్లండులో 1721 నాటి చట్టం రంగుల అద్దకపు నూలుబట్టను కట్టుకోవడాన్నే కాదు, ఇంట్లో సామానుకు వాడటాన్ని కూడా నేరం చేసింది. ఒక దేశపు పార్లమెంటు కూర్చుని, ఈ తీరపు అద్దకందారు చేసిన పరదా మా ఇళ్లలో వేలాడకూడదని చట్టం రాసుకుందంటే ఆ చేతుల సత్తా ఎంతటిదో ఊహించుకోవచ్చు.

నిషేధం ఉన్నా మోజు చావలేదు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఒక పందిరిమంచం ఉంది. అది 18వ శతాబ్దపు ప్రసిద్ధ రంగస్థల నటుడు డేవిడ్ గారిక్‌ది. ఆయన ఇంటికి సామాను చేసిపెట్టింది ఆ కాలంలో అందరికన్నా పేరున్న థామస్ చిప్పెండేల్. మంచం చుట్టూ తెరలకు వాడిన అద్దకం గుడ్డ మచిలీపట్నం వైపు నుంచి వెళ్లిందే. కలకత్తా వర్తకులు గారిక్ భార్యకు కానుకగా పంపిన ఆ గుడ్డను, నిషిద్ధ సరుకు అంటూ కస్టమ్స్ అధికారులు పట్టుకున్నారు. దాన్ని విడిపించుకోవడానికి గారిక్ ఉత్తరాలు రాసుకోవాల్సి వచ్చింది. పెడన వెళ్లి మీటరు లెక్కన పరదా గుడ్డ కొనుక్కునే ఇల్లాలు ఈ కథ తెలుసుకుని కొంటే బాగుంటుంది.

సంత మీద పడ్డ బట్టంతా అసలు కలంకారీ అనుకోకూడదు. స్క్రీన్ ప్రింటు, డిజిటల్ ప్రింటు ఆ పేరుతోనే అమ్ముడవుతున్నాయి. చేతి అచ్చులో రెండు అచ్చులు కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. కలం గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా నడుస్తుంది. యంత్రంలో ఆ తేడాలు రావు. పని జరిగే చోట ఒక్కసారి చూసిన కన్ను దుకాణంలో మోసపోదు.

తెలంగాణ వైపు వస్తే, హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద జనగామ దగ్గర పెంబర్తి ఉంది. అక్కడి నుంచి చేర్యాల పెద్ద దూరమేమీ కాదు. రెండూ ఒకే రోజులో చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు.

చేర్యాల నకాషీ పటం పుట్టింది గోడకోసం కాదు, కథకోసం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లకు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవాళ్లకు, ఇంకా ఇలాంటి కథకులకు నకాషీలు పటాలు వేసిచ్చేవాళ్లు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూస్తారు. దాని మీద ఎర్రటి నేపథ్యంలో బొమ్మలు. పటం మూడడుగుల వెడల్పుతో నలభై, యాభై అడుగుల పొడవు కూడా ఉండేది. కథకుడు చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ ఒక్కో గడి చూపిస్తూ రాత్రుళ్లు కథ చెప్పేవాడు. ఇప్పుడు అంత పటం వేయించేవాళ్లు అరుదు. ఒకటి రెండు గడులంత చిన్న పటాలు, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపి చేసిన మాస్కులు ఎక్కువగా అమ్ముడవుతున్నాయి.

ఆ ఎరుపు చాలా గట్టి ఎరుపు. రంగురంగుల గోడ మీద పెడితే గోడా పటమూ పోట్లాడుకుంటాయి. తెల్లటి గోడ ఒకటి దానికి పూర్తిగా వదిలేయాలి. పిల్లలున్న ఇంట్లో అయితే వాళ్ల కళ్ల ఎత్తులో, నేల మీద కూర్చుంటే కనబడేలా కట్టాలి. కల్లు గీసే గౌడు, మగ్గం ముందు శాలీ, రోకలి పట్టిన ఆడవాళ్లు ఎవరో చూపించి కథ చెప్పే పని ఇక నాయనమ్మకో తాతయ్యకో దక్కుతుంది.

పెంబర్తిది ఇత్తడి రేకు పని. కాకతీయుల కాలం నుంచి గుడి రథాలకు, ద్వారాలకు రేకు తొడిగిన విశ్వకర్మల చేతిపని ఇది. లక్క, రాళ్లపొడి లాంటివి కలిపిన మెత్తటి దిమ్మ మీద రేకును పరిచి, ఉలీ సుత్తీ పట్టి కొద్దికొద్దిగా లోతు తెస్తారు. రేకు చిరగకుండా బొమ్మ ఉబ్బాలి. అందులోనే నేర్పంతా ఉంది. ఆ ఉబ్బెత్తు కంటికి ఆనాలంటే వెలుగు పక్క నుంచి పడాలి. ఎదురుగా స్పాట్‌లైటు పెడితే ఇత్తడి ఒకటే మెరుపు మెరుస్తుంది, బొమ్మ కనిపించదు. కిటికీ పక్క గోడకు పెడితే మాత్రం పొద్దున ఒక రకంగా, సాయంత్రం ఇంకో రకంగా నీడలు తేలతాయి.

పోచంపల్లికి హైదరాబాద్ నుంచి గంటన్నర చాలు. 1951లో వినోబా భావే పిలుపుకు వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చి భూదానోద్యమానికి నాంది పలికిన ఊరు. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో దీన్ని ఎంపిక చేసింది. ఇక్కత్ నేతలో రంగు ముందు, బట్ట తర్వాత. పోగులను లెక్కపెట్టి, కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పి, మళ్లీ కట్టి, మళ్లీ ముంచి, ఆ తర్వాతే మగ్గం మీదికి ఎక్కిస్తారు. కట్లు కట్టడానికి ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ పోగును చేత్తో తిప్పుతూ ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. ఆ పనితో భుజాలు పడిపోయిన తల్లిని చూసి ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి ఆయన పెట్టిన పేరు అమ్మ పేరే, లక్ష్మి. ఆ మాట వింటే పోచంపల్లి బట్ట ధర ఎక్కువని ఎవరికీ అనబుద్ధి కాదు.

పోగుకే రంగు పట్టింది గనుక ఇక్కత్ బట్టకు మంచివైపు, చెడ్డవైపు ఉండవు. రెండువైపులా ఒకటే డిజైను. ఇంట్లో రెండువైపుల నుంచీ కనబడే చోట్లున్నాయి. హాలుకూ భోజనాల గదికీ మధ్య వేలాడే తెర, వాకిలి పరదా, బల్ల అంచున మడిచి వేలాడే గుడ్డ. ఇక్కత్ అందానికి అవే సరైన తావులు. అసలుకూ నకలుకూ తేడా తెలిసేదీ ఇక్కడే. అచ్చు వేసిన నకలు వెనక్కి తిప్పితే వెలిసిపోయినట్టు ఉంటుంది.

బొమ్మల సంగతి చెప్పకుండా తెలుగు ఇంటి అలంకరణ ముగియదు. విజయవాడకు దగ్గర్లోని కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో అవయవాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి రంగులేస్తారు. అంబారీ ఏనుగు, కల్లుగీత తాటిచెట్టు, దశావతారాలు, పెళ్లి పల్లకీ. అవి కొలువులో పుట్టి పెరిగిన బొమ్మలు. ఒక్కదాన్ని తెచ్చి టీవీ పక్కన నిలబెడితే బిక్కుబిక్కుమంటుంది. ఐదారు కలిపి, ఒక ఊరో ఒక ఊరేగింపో అయ్యేలా ఒకే అరలో పెట్టాలి. మక్కు పని గనుక తడిగుడ్డతో తుడవకూడదు, పొడి కుంచె చాలు.

ఏటికొప్పాక లక్కబొమ్మల దారి వేరు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉందీ ఊరు. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పూతగా పరుచుకుంటుంది. మొగలాకుతో మెరుగు పెడితే అద్దంలా తేలుతుంది. ఇక్కడి సి.వి. రాజు, పసుపు, నీలిమందు లాంటి చెట్లూ గింజల రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే. కుంచె తగలని, మూలలు లేని, నున్నటి గుండ్రటి పని కాబట్టి చేయి పడే చోటే దీనికి సొబగు. సొరుగుల పిడులు, తలుపు గుబ్బలు, గోడ కొక్కేలు, పసిపిల్లల గదిలో ఆటసామాను ఏటికొప్పాకవాళ్లు చేసిస్తే ఇంట్లో ప్రతివాళ్ల చేతికీ రోజూ తగులుతాయి.

ఊరు దాటి వెళ్లే తీరిక లేని హైదరాబాద్ వాసులకు సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. 1951 డిసెంబర్‌లో నెహ్రూ ప్రారంభించారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. గంట కొట్టే గడియారం ముందు అందరూ గుమికూడతారు. వాళ్లు అటు వెళ్లినప్పుడు, ఒకే దుంగలో చెక్కిన మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట విగ్రహం దగ్గర నిలబడాలి. ముందువైపు పొగరుగా నిలుచున్న మగవాడు, వెనకవైపు తలవంచిన ఆడపిల్ల. ఆమె కనబడేది వెనక పెట్టిన అద్దంలోనే. ఆ అద్దం లేకపోతే సగం శిల్పం గోడపాలయ్యేది. ఇంట్లో రెండువైపులా పనితనం ఉన్న వస్తువు ఏదైనా ఉంటే, దాని వెనక చిన్న అద్దం పెట్టాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది. ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం దగ్గర కూడా వెలుగు ఎటు నుంచి పడుతోందో గమనించాలి. ముసుగు పలచన తెలిసేది ఆ వెలుగులోనే.

అదే నగరంలోని చౌమహల్లా ప్రాసాదంలో, ఖిల్వత్ దర్బారు గోడలన్నీ తెల్లటి సున్నపు పని. చూపంతా బెల్జియం షాండ్లియర్ల మీదికి వెళ్లేలా మిగతావన్నీ తగ్గి ఉంటాయి. మరమ్మతుల తర్వాత ఈ ప్రాసాదానికి 2010లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం దక్కింది. ఈ రెండు చోట్లా శుక్రవారం సెలవు, శని ఆదివారాలు తెరిచే ఉంటాయి.

సురభి నాటకం ఎక్కడ ఆడుతున్నారని తెలిసినా ఆ సాయంత్రం వదులుకోకూడదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన నాటక కుటుంబాలవి. మాయాబజార్‌లో మంత్రాలూ, గాల్లో ఎగిరే పాత్రలూ పిల్లలకు పండగ. ఇల్లు సర్దుకునేవాళ్లు తెరలను చూడాలి. దర్బారు, అడవి, వీధి అన్నీ గుడ్డ మీద వేసినవే. ముందు ఒక తెర, కాస్త వెనక ఇంకొకటి, పక్కల సన్నటి పలకలు నిలిపి, చిన్న వేదికను ఎంతో లోతైన రాజసభగా చూపిస్తారు. పది అడుగుల హాలులో సామానంతా గోడకు ఆనించి పెట్టేసే ఇళ్లకు ఇది బాగా పనికొచ్చే పద్ధతి. ఒక మొక్క ముందుకు, ఒక కుర్చీ కొంచెం వెనక్కి, దాని వెనక తెర, ఆ వెనక దీపం ఉంటే అదే హాలు లోతుగా అగుపిస్తుంది.

కళాకారుల ఇళ్లకు వెళ్లేటప్పుడు రెండు మూడు మాటలు గుర్తుంచుకుంటే మంచిది. అవి దుకాణాలు కావు, కాపురముండే ఇళ్లు. ముందుగా ఫోన్ చేసి, ఫొటో తీసే ముందు అడిగి, పని ఆపించకుండా చూడాలి. వేలల్లో బిల్లు వేసే షోరూములో నోరు మెదపని మనిషి, రోజంతా వంగి పనిచేసిన కళాకారుడి దగ్గర యాభై రూపాయలకు బేరమాడటం అన్యాయం. నచ్చిన వస్తువు కొలతలు మన గోడకు సరిపోకపోతే, కొలత ఇచ్చి చేయించుకోవచ్చు. చాలామంది సంతోషంగా చేసిస్తారు. అందుకే ఇంట్లో బయలుదేరేటప్పుడే గోడ పొడవు, వెడల్పు, కిటికీ ఏ దిక్కున ఉందో ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకోవాలి.

ఊరును బట్టి కాలం కూడా చూసుకోవాలి. కొండపల్లి సంక్రాంతి ముందు కళకళలాడుతుంది. గుంటమగ్గాల్లోకి నీరు ఊరే గట్టి వానల్లో నేత సాగదు. పెడన, శ్రీకాళహస్తులకు ఎండ కాసే రోజు చూసి, పొద్దున్నే చేరుకునేలా బయలుదేరాలి. మబ్బు పట్టిన రోజున బట్ట ఆరదు, ఆరబెట్టనిదే తర్వాతి రంగు వేయరు.